ఆస్ట్రేలియాలో గ్రాడ్యుయేట్ మెడిసిన్: ఏ స్కూల్ ముందు పెట్టాలి, ఏది తర్వాత?

టార్నీట్‌పిల్ల
అందరికీ నమస్కారం. నేను మెల్‌బోర్న్‌లో బయోమెడిసిన్ పోయిన ఏడాది పూర్తిచేసి ఇప్పుడు ఒక పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. జీపీఏ 7కి 6.75, మార్చిలో రాసిన గామ్‌శాట్ (డిగ్రీ తర్వాత చదివే నాలుగేళ్ల మెడిసిన్‌కి ఎంట్రన్స్) రిజల్ట్ మొన్ననే వచ్చింది, 67. మాకు సిటిజన్‌షిప్ ఉంది కాబట్టి డొమెస్టిక్ కోటాలోకే వస్తాను. ఇప్పుడు జెమ్సాస్‌లో, అంటే చాలా మెడికల్ స్కూళ్లకి కలిపి ఉన్న ఒకే అప్లికేషన్‌లో, ఆరు ప్రిఫరెన్స్‌లు పెట్టాలి, గడువు దగ్గర పడింది, ఇంట్లో రోజూ భోజనాల దగ్గర ఇదే చర్చ. నాన్న మెల్‌బోర్న్ యూనివర్సిటీ తప్ప ఇంకోటి వద్దంటున్నారు, మామూలు సీటు రాకపోతే ఫుల్ ఫీ అయినా కడదాం, ఇంటి మీద అప్పు తీసుకుంటానంటున్నారు. నాకు డీకిన్ యూనివర్సిటీ మొదట పెట్టాలని ఉంది. అమ్మకి మాత్రం నేను ఎక్కడో దూరంగా ఊళ్లలో ఉండాల్సి వస్తుందేమోనని భయం. సిడ్నీ వాళ్లకి కూడా పంపాలా? ఈ స్కూళ్లలో చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు ఉంటే కొంచెం చెప్పండి ప్లీజ్. నిజంగా టెన్షన్‌గా ఉంది.

వార్డ్‌రౌండ్
అభినందనలు అమ్మా, 67 చిన్న స్కోరేమీ కాదు. నేను డీకిన్‌లో చదివి ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఒక పబ్లిక్ హాస్పిటల్‌లో రిజిస్ట్రార్‌గా, అంటే స్పెషలిస్ట్ శిక్షణలో ఉన్న డాక్టర్‌గా, ఉన్నాను. కాబట్టి నాకు డీకిన్ మీద అభిమానం ఉంటుంది, అది తెలిసే ఈ మాటలు చదువు.

ముందు జెమ్సాస్ ఎలా నడుస్తుందో మీ నాన్నగారికి కూడా వివరంగా చెప్పు, ఎందుకంటే మన పెద్దవాళ్లు దీన్ని ఎంసెట్ కౌన్సెలింగ్‌లా అనుకుంటారు. ఆరు స్కూళ్లు పెడతావు కానీ ఇంటర్వ్యూ వచ్చేది ఒక్కచోటే. పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి నీ స్కోరుకి ఎక్కడ అందితే అక్కడ ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఇంటర్వ్యూ అయ్యాక ఆ స్కూల్ సీటివ్వకపోతే నీ ఫైలు ఇంటర్వ్యూ స్కోరుతో సహా కింది ప్రిఫరెన్స్‌లకి వెళ్తుంది. చివరికి జెమ్సాస్ నుంచి వచ్చే ఆఫర్ కూడా ఒక్కటే. అంటే నాలుగు ఆఫర్లు చేతిలో పెట్టుకుని అప్పుడు ఆలోచిద్దాం అనుకుంటే కుదరదు, ఎంచుకోవడం అంతా ఇప్పుడే జరిగిపోతుంది. సిడ్నీ, ఫ్లిండర్స్ రెండూ ఈ లెక్కకి బయట ఉంటాయి, విడిగా అప్లై చేయాలి, కాబట్టి అవి నీకు అదనపు అవకాశాలు. ఫ్లిండర్స్ తమ దగ్గర డిగ్రీ చదివినవాళ్లకి విడిగా కోటా ఉంచుతుంది, అది గుర్తుపెట్టుకో. మోనాష్ గ్రాడ్యుయేట్ ఎంట్రీ దాదాపుగా వాళ్ల సొంత డిగ్రీలు చదివినవాళ్లకే, నువ్వు వేరే చోట చదివి ఉంటే దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. స్కూల్ పేరు కంటే ముందు సీటు ఏ రకమో చూడు. సీఎస్‌పీ అంటే ప్రభుత్వం చాలావరకు భరించే సీటు, నీ వాటా ఏడాదికి సుమారు 13 వేల డాలర్లు, అది కూడా హెక్స్ అనే ప్రభుత్వ చదువు అప్పు కింద పెట్టుకోవచ్చు. బీఎంపీ అంటే అదే ఫీజు, కాకపోతే చదువయ్యాక ప్రభుత్వం గుర్తించిన కొరత ప్రాంతాల్లో మొత్తం మూడేళ్లు పనిచేయాలి, దానికి 18 ఏళ్ల గడువిస్తారు. ప్రతి స్కూల్‌లోనూ ప్రభుత్వ సీట్లలో 28.5 శాతం ఇలాంటివే. మూడోది ఫుల్ ఫీ, దేశంలో పుట్టినా సిటిజన్ అయినా మొత్తం నువ్వే కట్టాలి. మెల్‌బోర్న్‌లో అది నాలుగేళ్లకి మూడు లక్షల డాలర్లు దాటుతుంది.

ఇక్కడి మెడికల్ స్కూళ్లన్నిటికీ గుర్తింపు ఇచ్చేది ఒకే సంస్థ, ఆస్ట్రేలియన్ మెడికల్ కౌన్సిల్. చివర్లో వచ్చే రిజిస్ట్రేషన్ ఒకటే, జీతం ఒకటే. నాతో కలిసి డ్యూటీ చేసే జూనియర్లు ఏ యూనివర్సిటీ నుంచి వచ్చారో చాలామంది విషయంలో నాకు తెలియదు, అడగాలని కూడా ఎవరికీ తోచదు. రాత్రి రెండు గంటలకి పేషెంట్ పరిస్థితి దిగజారుతుంటే ఎవరు ముందుగా గమనించి ఫోన్ చేస్తారో వాళ్లే మంచి డాక్టర్ అనిపించుకుంటారు.

పాయింట్‌కుక్ నాన్న
మీరు చెప్పిన సీటు రకం సంగతి ఒప్పుకుంటాను. కానీ పేరు అసలు లెక్కలోకి రాదు అంటే మాత్రం నేను ఒప్పుకోను. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో రెండో ఏడు చదువుతున్నాడు. పార్క్‌విల్‌లో రాయల్ మెల్‌బోర్న్ హాస్పిటల్, రాయల్ విమెన్స్, రాయల్ చిల్డ్రన్స్, పీటర్ మాక్ క్యాన్సర్ సెంటర్, వాల్టర్ అండ్ ఎలైజా హాల్ రీసెర్చ్ సంస్థ, ఇవన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. పిల్లాడు క్యాన్సర్ రీసెర్చ్ చేయాలనుకుంటున్నాడు, ఆ మనుషులు రోజూ కనబడతారు, తలుపు తట్టి మాట్లాడొచ్చు. పైగా అక్కడ మొదటి ఏడాది క్లాసులు అయిపోగానే రెండో ఏడాది నుంచే హాస్పిటల్‌లో ఉంటారు, చాలా స్కూళ్లలో రెండేళ్లు క్యాంపస్‌లోనే గడుస్తాయి. ఈ తేడాలు చిన్నవి కావు. ఆ అమ్మాయి వాళ్ల నాన్న బాధ నాకు అర్థమవుతుంది, మేం ఈ దేశానికి వచ్చింది పిల్లలకి మంచి చదువు దొరకాలనే కదా.

వార్డ్‌రౌండ్
నాన్నగారూ, మెల్‌బోర్న్ మంచి స్కూల్ కాదని నేననలేదండీ. రీసెర్చ్ మీద నిజంగా మనసున్న పిల్లలకి పార్క్‌విల్ లాంటి చోటు దేశంలో ఇంకోటి చూపించడం కష్టం. సీఎస్‌పీగానో బీఎంపీగానో మెల్‌బోర్న్ వస్తే కళ్లకద్దుకుని చేరమంటాను. నా అభ్యంతరమంతా ఫుల్ ఫీకి ఇల్లు తాకట్టు పెట్టడం మీదే.

లెక్క చూడండి. సీఎస్‌పీ అయితే నాలుగేళ్లకి 50 వేల పైచిలుకు, అది కూడా ఉద్యోగం వచ్చాక జీతంలోంచి మెల్లగా పోతుంది. ఫుల్ ఫీకి ఫీ-హెల్ప్ అప్పు ఇస్తారు కానీ మెడిసిన్‌కి ఉన్న పరిమితి రెండు లక్షల డాలర్ల లోపే, పైగా 2020 నుంచి బయోమెడిసిన్‌కి వాడుకున్న హెక్స్ కూడా ఆ పరిమితిలోంచే పోతుంది. కాబట్టి లక్షకి పైగా చేతి నుంచి కట్టాలి. ఆ డబ్బు పెట్టి కొంటున్నదేమిటి? పక్క ఊళ్లో 50 వేలకి వచ్చే అదే రిజిస్ట్రేషన్. రీసెర్చ్ చేయాలనుకుంటే డాక్టర్ అయ్యాక పార్క్‌విల్‌కి వెళ్లి పీహెచ్‌డీ చేయొచ్చు, డీకిన్ నుంచి వచ్చారని ఎవరూ గేటు దగ్గర ఆపరు.

టార్నీట్‌పిల్ల
ఇది నాన్నకి చదివి వినిపించాను, ముఖ్యంగా ఆ పరిమితి లెక్క. ఏమీ అనలేదు, కానీ క్యాలిక్యులేటర్ తీశారు. ఇంకో విషయం అడగాలి. డీకిన్ అంటే మూడో ఏడాది నుంచి ఎక్కడికో పంపేస్తారని అమ్మ ఎక్కడో విన్నది, అది నిజమేనా?

వార్డ్‌రౌండ్
సగం నిజం. మొదటి రెండేళ్లు జీలాంగ్ పక్కన వార్న్ పాండ్స్ క్యాంపస్‌లో. మీరుండేది టార్నీట్ కాబట్టి వీలైన్ (ప్రాంతీయ) రైలు ఎక్కితే గంట లోపే వార్న్ పాండ్స్ స్టేషన్, ఇల్లు మారకుండానే చదవొచ్చు. 2023 నుంచి వీలైన్ రైళ్లకి కూడా రోజుకి ఇంతే అన్న పరిమితి సిటీ ఛార్జీతో సమానం చేశారు, కాబట్టి ఖర్చు గురించి కూడా దిగులు లేదు. చివరి రెండేళ్లు క్లినికల్ స్కూళ్లు, అంటే హాస్పిటళ్లలో శిక్షణ: జీలాంగ్, బాలరాట్, వార్నంబూల్, మెల్‌బోర్న్ తూర్పున బాక్స్ హిల్ ఉన్న ఈస్టర్న్ హెల్త్. ఇవి కాకుండా మూడో ఏడంతా చిన్న ఊళ్లలో జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్‌లోనే ఉండి చదివే పద్ధతి ఒకటుంది, ఆరరాట్, హామిల్టన్, బాకస్ మార్ష్ లాంటి చోట్ల. అమ్మకి బాకస్ మార్ష్ మీ ఇంటి నుంచి ఎంత దూరమో మ్యాప్‌లో చూపించు, సగం భయం పోతుంది.

కానీ ఒకటి ఆలోచించు. డీకిన్ 2008లో మొదలైంది, గ్రామీణ ప్రాంతాలకి డాక్టర్లని తయారుచేయడం కోసమే పెట్టారు, గ్రామీణ నేపథ్యం ఉన్నవాళ్లకి బోనస్ కూడా ఇస్తారు. చిన్న ఊళ్లో పనిచేయడం అంటేనే నీకు ఇష్టం లేకపోతే ఇంటికి దగ్గర అన్న ఒక్క కారణంతో మొదట పెట్టకు. నేను మూడో ఏడు అలాంటి ఒక ఊళ్లో ఉన్నాను, గర్భిణిగా చూసిన ఆవిడని ప్రసవం దాకా, ఆ తర్వాత బిడ్డకి టీకాలు వేసేదాకా నేనే చూశాను. పెద్ద హాస్పిటల్‌లో ఒక్కో విభాగంలో కొన్ని వారాలు తిరిగితే అది దొరకదు. నాకు అది బాగా నచ్చింది. అందరికీ నచ్చాలని లేదు, నా క్లాస్‌మేట్స్‌లో కొందరు అక్కడ ఒంటరితనంతో చాలా ఇబ్బందిపడ్డారు.

రెండోచదువు
నేను వులాంగాంగ్ యూనివర్సిటీలో మూడో ఏడాది. వచ్చేముందు ఫార్మసిస్ట్‌ని, పాపకి ఆరేళ్లు. పై మాటలకి ఒకటి కలుపుతాను. వయసు, పిల్లలు ఉన్నవాళ్లకి స్కూల్ ఎంపిక అంటే నిజానికి నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఇల్లు మారాలి అనే ప్రశ్న. వులాంగాంగ్‌లో మూడో ఏడు దాదాపు అంతా ఒకే ప్రాంతీయ పట్టణంలో ఉంటాం, జీపీ దగ్గరా, హాస్పిటల్‌లోనూ కలిపి. నాకది కలిసొచ్చింది, పాపని ఒకే స్కూల్‌లో వేసి ఏడాదంతా కదలకుండా ఉన్నాం. కొన్ని స్కూళ్లలో రొటేషన్ (శిక్షణ విభాగం) మారినప్పుడల్లా ఊరు మారాల్సి వస్తుంది, అవి సంసారం ఉన్నవాళ్లకి చాలా కష్టం. స్కూల్ వాళ్లని అడిగేటప్పుడు సిలబస్ గురించి కాదు, ప్లేస్‌మెంట్‌కి (హాస్పిటల్ శిక్షణకి) వెళ్లినచోట ఉండటానికి ఇల్లిస్తారా, కుటుంబంతో ఉండొచ్చా, ఎన్ని నెలల ముందు చెబుతారు, ఈ మూడు అడగండి.

కారు నడపడం రాకపోతే ఇప్పుడే నేర్చుకోండి. రూరల్ ప్లేస్‌మెంట్‌లో లైసెన్స్ లేకుండా బతకలేరు.

ఇంకోటి, ఏ స్కూల్‌కి ఏం కావాలో విడిగా చూసుకోవాలి. గామ్‌శాట్ మూడు భాగాల్లో సైన్స్‌ని రెట్టింపు లెక్కేసేవాళ్లు ఉన్నారు, మూడింటినీ సమానంగా చూసేవాళ్లు ఉన్నారు. నీకు వ్యాసాల భాగంలో మంచి మార్కులొచ్చి సైన్స్ తగ్గితే సమానంగా చూసేవాళ్ల దగ్గర నీ స్థానం పైకెళ్తుంది, సైన్స్‌ని రెట్టింపు లెక్కేసేచోట 67గా ఉన్నదే సమానంగా చూసేచోట 69 అవ్వొచ్చు. జీపీఏ కూడా అంతే, చివరి ఏడాదికి ఎక్కువ బరువిచ్చే పద్ధతి కొందరిది, మొత్తాన్ని సమానంగా చూసేది కొందరిది. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ అయితే కణజీవశాస్త్రం, ఫిజియాలజీ సబ్జెక్టులు డిగ్రీలో చదివి ఉండాలంటుంది. బయోమెడ్ వాళ్లకి ఇబ్బంది ఉండదు, ఇంజనీరింగ్ నుంచి వచ్చేవాళ్లకి మాత్రం అడ్డం పడుతుంది. ఏఎన్‌యూ (క్యాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ) మాత్రం ఆనర్స్, పీహెచ్‌డీ లాంటివాటికి అదనపు మార్కులిస్తుంది. వులాంగాంగ్ పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల వివరాలు), కాస్పర్ (సందర్భాలిచ్చి ఏం చేస్తావో అడిగే ఆన్‌లైన్ పరీక్ష) లాంటివి అడుగుతూ వచ్చింది. వాలంటీర్ పని, ఉద్యోగ అనుభవం ఉన్న పెద్దవయసు వాళ్లకి అది మేలు చేస్తుంది. ఒక్కరోజు పరీక్షలో తేలని మనిషిని చూడటానికి వాళ్లు ఆ ప్రయత్నం చేస్తున్నారని నాకు గౌరవం.

పర్రమట్టా అన్న
సిడ్నీ ఫైనల్ ఇయర్ ఇక్కడ. చెల్లీ, సిడ్నీకి తప్పకుండా పంపు. ఇక్కడ జీపీఏ ఒక గడప మాత్రమే, అది దాటాక నిన్ను నిలబెట్టేది గామ్‌శాటే. నీ జీపీఏ బాగానే ఉంది కాబట్టి నీకు ఇది ప్రత్యేకంగా లాభం కాదు, డిగ్రీలో మార్కులు తగ్గి గామ్‌శాట్ బాగా రాసినవాళ్లకి మాత్రం ఇది పెద్ద దారి, ఇక్కడ చదివేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నా. నేను వెస్ట్‌మీడ్ క్లినికల్ స్కూల్‌లో ఉన్నాను. చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు, వార్డులో వారానికి ఒక్కరైనా ఇంగ్లిష్ సరిగా రాని తెలుగు పెద్దావిడ కనిపిస్తుంది. రూల్ ప్రకారం ఇంటర్‌ప్రెటర్‌నే పిలవాలి, పిలుస్తాం, కానీ ఆవిడ మనల్ని చూసి "ఏ ఊరు నాన్నా" అన్నాక బీపీ దానంతట అదే తగ్గుతుంది.

అన్న మాట ఒకటి. సిడ్నీలో ఇంటి అద్దె చూసుకున్నాకే నిర్ణయించుకో. సీఎస్‌పీ సీటు వచ్చినా నాలుగేళ్లు సిడ్నీలో అద్దె కట్టడానికీ, టార్నీట్‌లో అమ్మ వంట తింటూ జీలాంగ్ వెళ్లడానికీ తేడా ఒక ఫుల్ ఫీ ఏడాదికి దగ్గరగా వస్తుంది. సిడ్నీ వాళ్లది డబ్బోలో నాలుగేళ్లూ అక్కడే చదివే క్యాంపస్ కూడా ఉంది, 2022లో మొదలైంది, అక్కడ అద్దెలు వేరు.

ఇంటర్న్‌షిప్ గురించి ఇంట్లో అడుగుతారు, చెప్పెయ్. న్యూ సౌత్ వేల్స్‌లో, అంటే సిడ్నీ ఉన్న రాష్ట్రంలో, ఎక్కువమందికి తమ ఇష్టాల వరుస మీదా, యాదృచ్ఛికంగా పంచే పద్ధతి మీదా హాస్పిటల్ వస్తుంది. నువ్వు సిడ్నీలో చదివావా వులాంగాంగ్‌లో చదివావా అని మార్కులు వేయరు.

కూకట్‌పల్లి బీఫార్మ్
హైదరాబాద్ నుంచి. నేను బీఫార్మసీ ఫైనల్ ఇయర్. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆస్ట్రేలియాలో నాలుగేళ్లలో డాక్టర్ అయిపోవచ్చు, నచ్చకపోతే తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు, గామ్‌శాట్ రాస్తే చాలు అన్నారు. నాన్న సంగారెడ్డి వైపు ఉన్న ప్లాటు అమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. నేను నీట్ రాయలేదు. మెక్వారీ యూనివర్సిటీకి హైదరాబాద్ అపోలోతో సంబంధం ఉందని కూడా చెప్పారు. అన్నలూ అక్కలూ, ఇందులో ఎంత నిజం?

గోల్డ్‌కోస్ట్ తెలుగు
తమ్ముడూ, ఆ ప్లాటు అమ్మే ముందు ఇది పూర్తిగా చదువు, నాన్నగారికీ చదివి వినిపించు. నేను ఇంటర్నేషనల్ స్టూడెంట్‌గా వచ్చి క్వీన్స్‌లాండ్‌లో చదివి ఇప్పుడు హాస్పిటల్‌లో పనిచేస్తున్నాను. ఈ దారి లేదని అనను, నేను నడిచిన దారే. కానీ నీకు చెప్పినవాళ్లు ముఖ్యమైనవన్నీ దాచారు.

మొదట ఇండియాకి తిరిగి రావడం. నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో చదివిన మెడికల్ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, దానిమీద ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి, నీట్‌లో అర్హత ఉండాలి. ఇక్కడి గ్రాడ్యుయేట్ కోర్సు నాలుగేళ్లు, అంటే 48 నెలలు. నీకు నీట్ లేదు, కోర్సు నెలలు సరిపోవు. కాబట్టి "నచ్చకపోతే తిరిగొచ్చి ప్రాక్టీస్" అన్న మాట మీద ఆధారపడి ఒక్క రూపాయి కూడా పెట్టకు. వచ్చేటప్పుడే ఇక్కడే స్థిరపడటానికి వస్తున్నానని మనసులో పెట్టుకుని రా.

రెండోది ఫీజు. ఇంటర్నేషనల్ వాళ్లకి పెద్ద యూనివర్సిటీల్లో ఏడాదికి 80 వేల నుంచి లక్ష డాలర్ల పైదాకా ఉంది. నాలుగేళ్లకి ఒక్క ఫీజే రెండు కోట్ల రూపాయల చుట్టూ తిరుగుతుంది, ఉండటం, తినడం వేరు.

మూడోది, ఇది ఎవరూ చెప్పరు. ఇంటర్న్‌షిప్ లేకుండా పూర్తి రిజిస్ట్రేషన్ రాదు. డొమెస్టిక్ సీఎస్‌పీ పిల్లలకి తమ రాష్ట్రంలో ఇంటర్న్‌షిప్‌కి గ్యారంటీ ఉంది, మనకి లేదు. ప్రతి రాష్ట్రం ఒక ప్రాధాన్య వరుస పెడుతుంది, అందులో మనం వాళ్ల తర్వాత వస్తాం. మిగిలినవాటిలో చోటు దొరకాలి, లేదా కేంద్ర ప్రభుత్వం ప్రైవేట్ హాస్పిటళ్లలో ఇప్పించే చోట్లు ఉన్నాయి, వాటికి ప్రయత్నించాలి. నా బ్యాచ్‌లో చాలామందికి దొరికాయి, కానీ కొన్ని నెలలపాటు ఏమవుతుందో తెలియకుండా ఉండటం చాలా నరకం. నీకు స్కూల్ ఎంచుకునే అవకాశం వస్తే బ్రాండ్ కాదు, ఆ రాష్ట్రంలో గత రెండుమూడేళ్లలో ఇంటర్నేషనల్ వాళ్లలో ఎంతమందికి ఇంటర్న్‌షిప్ దొరికిందో స్కూల్‌నే సూటిగా అడుగు. చెప్పడానికి తడబడితే అదే జవాబు.

నాలుగోది, పదేళ్ల మారటోరియం, సెక్షన్ 19ఏబీ అంటారు. ఇక్కడే చదివినా ఇంటర్నేషనల్‌గా చదివినవాళ్లకి అది వర్తిస్తుంది. పదేళ్లపాటు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లింగ్ కావాలంటే డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లోనే పనిచేయాలి. పబ్లిక్ హాస్పిటల్‌లో జీతానికి చేసే ఉద్యోగానికి అది అడ్డం రాదు, కానీ జీపీ అయి మెల్‌బోర్న్ మధ్యలో క్లినిక్ పెడదామనుకుంటే వస్తుంది.

మెక్వారీ సంగతి నిజమే. 2018లో వాళ్ల ఎండీ (ఇక్కడ ఇది మొదటి మెడికల్ డిగ్రీయే, పీజీ కాదు) మొదలైనప్పుడు హైదరాబాద్ అపోలో హాస్పిటల్స్‌లో కొన్ని నెలల క్లినికల్ ప్లేస్‌మెంట్ అందులో భాగంగా పెట్టారు. కోవిడ్‌లో సరిహద్దులు మూసేసినప్పుడు అలాంటి ప్రయాణాలన్నీ ఆగాయి, కాబట్టి నీ బ్యాచ్‌కి ఉంటుందా అని వాళ్లనే ఈమెయిల్‌లో అడుగు. ఒకటి గుర్తుంచుకో, హైదరాబాద్‌లో ప్లేస్‌మెంట్ చేసినంత మాత్రాన హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేసే హక్కు రాదు.

కూకట్‌పల్లి బీఫార్మ్
అన్నా, చాలా థాంక్స్. 54 నెలల సంగతి ఎవరూ చెప్పలేదు. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి అడిగితే "అవన్నీ తర్వాత చూసుకుందాం, ముందు అడ్వాన్స్ కట్టండి" అన్నారు. నాన్న కట్టలేదు. ఇక్కడ ఎంఫార్మ్ చేయడమా, లేక ఫార్మసీ మీదే ఆస్ట్రేలియా రావడమా అని ఆలోచిస్తున్నాం.

రెండోచదువు
తమ్ముడూ, ఫార్మసీ మీద వచ్చి, పీఆర్ (శాశ్వత నివాస వీసా) వచ్చాక మెడిసిన్‌కి అప్లై చేసినవాళ్లు నాకు తెలుసు, నేనూ అలాగే వచ్చాను. చాలా ఏళ్లు పడుతుంది, కానీ రెండు కోట్లు పోవు, ఇంటర్న్‌షిప్ భయం ఉండదు. జెమ్సాస్ స్కూళ్లు సాధారణంగా గత పదేళ్లలో పూర్తిచేసిన డిగ్రీనే చూస్తాయి, అది లెక్క వేసుకో. గామ్‌శాట్ స్కోరు నాలుగేళ్లు చెల్లుతుంది.

ట్రుగనీనా పీఆర్
పీఆర్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మాయి ఇక్కడే ఇంటర్ నుంచి చదివింది, మాది పీఆర్, సిటిజన్‌షిప్ టెస్ట్ ఇంకా కాలేదు. తనకి సీఎస్‌పీ వస్తుందా రాదా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

వార్డ్‌రౌండ్
వస్తుందండీ. పీఆర్ వాళ్లూ సీఎస్‌పీకి అర్హులే. రానిది హెక్స్ అప్పు. అంటే ఆ 13 వేలు ప్రతి ఏడాదీ సెమిస్టర్ల వారీగా ముందే చేతి నుంచి కట్టాలి. సిటిజన్ అయిన తర్వాతి సెమిస్టర్ల నుంచి అప్పు పెట్టుకోవచ్చు. కాబట్టి సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఆలస్యం చేయకండి, సీటు కోసం కాదు, డబ్బు కోసం.

మిల్డూరా అమ్మ
ఈ చర్చలో ఊళ్లలో ఉండే మనవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. మేం మిల్డూరాలో ఉంటాం, ఆయన ఇక్కడి హాస్పిటల్‌లో, పిల్లలు ఇక్కడే పెరిగారు. గ్రామీణ, ప్రాంతీయ చోట్ల వరుసగా ఐదేళ్లు గానీ మొత్తం మీద పదేళ్లు గానీ పెరిగినవాళ్లకి రూరల్ కోటా ఉంది. మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగువాళ్లు పిల్లల చదువు కోసమని ఊళ్ల నుంచి సిటీకి మారిపోతుంటారు, ఆ ఏళ్లు నిండకముందే మారితే ఆ అవకాశం పోతుంది. మాకు తెలిసిన ఒక కుటుంబానికి అలాగే కొన్ని నెలల తేడాలో పోయింది, చాలా బాధపడ్డారు. స్కూల్ రిపోర్టులు, అద్దె ఒప్పందాలు, కౌన్సిల్ బిల్లులు, ఏవీ పారేయకండి, అన్నిటికీ రుజువు అడుగుతారు.

మా పెద్దవాడు షెపర్టన్‌లో ఉన్నాడు, మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్ల రూరల్ ఎండీ, అది కూడా 2022లోనే మొదలైంది. పై నాన్నగారు మెల్‌బోర్న్ పేరు కావాలన్నారు కదా, పట్టా మీద అదే పేరు ఉంటుంది. చిన్న బ్యాచ్, సీనియర్ డాక్టర్లు పిల్లల పేర్లు పెట్టి పిలుస్తారు. వాడు ఆపరేషన్ థియేటర్‌లో చేతులు కట్టుకుని వెనక నిలబడటం లేదు, పక్కన నిలబడి సాయం చేస్తున్నాడు.

టార్నీట్‌పిల్ల వాళ్ల అమ్మగారికి నా మాటగా చెప్పండి. చిన్న ఊరంటే భయపడొద్దు. ఇక్కడ రోడ్డు మీద కనబడితే డాక్టర్ గారి పిల్లాడని పండ్ల తోటలవాళ్లు నారింజలు బస్తాతో ఇస్తారు. భయపడాల్సింది పిల్ల ఇష్టం లేకుండా వెళ్లినప్పుడే.

పెర్త్ ఎంబీబీఎస్
చిన్న ప్రశ్న. నేను కర్నూలులో ఎంబీబీఎస్ చేశాను, భార్య ఉద్యోగం మీద పెర్త్ వచ్చాను. యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో గానీ నోటర్‌డామ్ ఫ్రీమాంటిల్‌లో గానీ ఈ గ్రాడ్యుయేట్ ఎండీ చేస్తే తొందరగా అవుతుందా?

వార్డ్‌రౌండ్
వద్దండీ. మీకు మళ్లీ నాలుగేళ్లు చదవాల్సిన పనే లేదు. ఆస్ట్రేలియన్ మెడికల్ కౌన్సిల్ పరీక్షలు, మొదట కంప్యూటర్ మీద ఎంసీక్యూ, తర్వాత క్లినికల్, ఆ దారిలో వెళ్లండి. మా వార్డులోనే అలా వచ్చిన తెలుగు డాక్టర్లు ఉన్నారు, చాలా బాగా చేస్తున్నారు. విడిగా మెసేజ్ పెట్టండి, వివరాలు చెబుతాను.

టార్నీట్‌పిల్ల
అందరికీ పేరుపేరునా థాంక్స్. మూడు రోజులుగా ఇంట్లో అందరం కలిసి ఇది చదువుతున్నాం. మిల్డూరా ఆంటీ మాటలు అమ్మ రెండుసార్లు చదివింది. నాన్న ఫుల్ ఫీ మాట మానేశారు, అయితే మెల్‌బోర్న్‌ని రెండో స్థానం కంటే కింద పెట్టడానికి ఒప్పుకోవడం లేదు, అది నాకూ సమ్మతమే.

నా వరుస ఇది. ఒకటి డీకిన్, సీఎస్‌పీ ఆ తర్వాత బీఎంపీ. రెండు మెల్‌బోర్న్, సీఎస్‌పీ, బీఎంపీ మాత్రమే, ఫుల్ ఫీ టిక్ పెట్టను. మూడు ఏఎన్‌యూ, క్యాన్‌బెర్రాలో పిన్ని వాళ్లున్నారు. నాలుగు వులాంగాంగ్. ఐదు గ్రిఫిత్. ఆరు క్వీన్స్‌లాండ్. సిడ్నీకి విడిగా పంపుతాను. బీఎంపీ గురించి బాగా ఆలోచించాను, మూడేళ్లు ఊళ్లో చేయడం నాకు శిక్షలా అనిపించడం లేదు. ఎవరికైనా ఇందులో తప్పు కనబడితే చెప్పండి.

పాయింట్‌కుక్ నాన్న
బాగుందమ్మా. నేనైతే మెల్‌బోర్న్ మొదట పెట్టేవాణ్ణి, ఆ మాట మార్చుకోను. కానీ ఎందుకు పెడుతున్నావో నీకు తెలుసు, అది చాలు.

రెండోచదువు
ఒక్కటి చూసుకో. వులాంగాంగ్‌ని నాలుగో స్థానంలో పెట్టినా వాళ్లు అడిగే అదనపు పత్రాలు ఇప్పుడే పూర్తిచేయాలి. ఫైలు కిందికి దిగి వాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు అవి లేకపోతే ఆ ప్రిఫరెన్స్ వృథా. ఈ ఏటి జెమ్సాస్ గైడ్‌లో ఒక్కో స్కూల్ పేజీ విడిగా చదివి ఆ తేదీలు గోడ మీద రాసిపెట్టుకో.

వార్డ్‌రౌండ్
వరుస బాగుంది, మార్చాల్సిందేమీ లేదు. సిడ్నీ గడువు వేరుగా ఉంటుంది, జెమ్సాస్ తేదీతో కలిపేసుకోకు. ఇంటర్వ్యూ పిలుపులు సాధారణంగా సెప్టెంబర్‌లో వస్తాయి, అప్పటిదాకా ఖాళీగా ఉండొద్దు. మేం నలుగురం జూనియర్ డాక్టర్లం ఆదివారం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో తెలుగు పిల్లలకి ఇంటర్వ్యూ ప్రాక్టీస్ పెడుతున్నాం, జూలై నుంచి. డబ్బులేమీ లేవు. ఎనిమిది నిమిషాల స్టేషన్లు (చిన్న చిన్న ఇంటర్వ్యూలు), ఒకరు అడుగుతారు, ఒకరు చూసి రాసుకుంటారు. రావాలనుకునేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, ఏ స్కూల్ మొదట పెట్టారో కూడా రాయండి, దాన్నిబట్టి గ్రూపులు చేస్తాం.

టార్నీట్‌పిల్ల
మెసేజ్ పెట్టాను అన్నా. జెమ్సాస్ ఇప్పుడే సబ్మిట్ చేశాను, సిడ్నీ ఫారం ఈ వారాంతంలో నింపుతాను. నాకు తెలిసిన ఇంకో ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు, వాళ్లని కూడా తీసుకురావచ్చా?